వాకిటి ముందు కారెడు చోటు

ఇంగ్లండు ఉత్తరభాగమందలి మిల్లుపట్టణములలో, 1875వ సంవత్సరపు ప్రజారోగ్య చట్టము వెలువడిన పిమ్మట కట్టబడిన ఎఱ్ఱయిటుకల యిండ్ల వరుసలు నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నవి. ఒక యింటి గోడ నొకటి ఆనుకొని, గడప దాటిన కాలు తిన్నగా కాలిబాటమీదనే పడునట్లు కట్టిన యీ యిండ్లు, నూలుమిల్లునకు నడచిపోయి నడచివచ్చు కూలివారికొఱకు పుట్టినవే కాని, ఇంటికొక కారో రెండు కార్లో గల నేటి కాపురములను కలలోనైనను ఊహించి కట్టినవి కావు. కారు పెట్టుకొనుటకు కొట్టము లేదు, ముంగిలి లేదు, ఉన్నదంతయు వీథియే. ఆ వీథియు అందఱిది. తన గుమ్మము ముందరి చోటు తనదేయని చెప్పుకొను హక్కు ఆ దేశములో ఏ గృహస్థునకును చట్టము ఇయ్యలేదు. సాయంకాలము పనులనుండి మరలివచ్చు వేళకు ఎవడు ముందు వచ్చిన వానిదే ఆ చోటు. తక్కినవారు సందు మలుపు తిరిగి, చోటు దొరకినంత దూరము పోయి, అచ్చట బండి నిలిపి నడచి రావలసినదే. కాళ్లు గట్టిగా నున్నంతవఱకు ఇదియొక చిన్న చిరాకు. కాళ్లు సడలిన పిమ్మట ఇదియే యింటికిని లోకమునకును నడుమ లేచిన గోడ.

ఈ వీథులలో మన తెలుగువారును ముసలివారగుచున్నారు. 1960, 70 దశకములలో విశాఖపట్టణమునుండియు, గుంటూరునుండియు, హైదరాబాదునుండియు వైద్యవిద్య ముగించుకొని, ఎఫ్.ఆర్.సి.ఎస్. అనియో ఎం.ఆర్.సి.పి. అనియో ఒక పట్టా చేతబట్టుకొని రెండుమూడేండ్లలో తిరిగివత్తుమని తల్లులకు మాటయిచ్చి పోయిన యువవైద్యులలో ననేకులు, ఆ దేశపు జాతీయ ఆరోగ్య సేవలో కుదురుకొని, అచ్చటనే పిల్లలను పెంచి, అచ్చటనే పింఛను పుచ్చుకొని, ఇప్పుడు ఎనుబదుల వయస్సులో నున్నారు. వారిలో కలిగినవారు పట్టణముల వెలుపల తోటలతో కూడిన యిండ్లు కొనుక్కొనిరి. అందఱికిని ఆ భాగ్యము పట్టలేదు. పట్టినవారికైనను తుదిదాక నిలువలేదు. మా మేనత్త యట్టిది. భర్త పోయిన పిమ్మట పెద్దయిల్లు నిర్వహింపలేక దానిని అమ్మివేసి, దేవాలయమునకును, గోంగూరయు దొండకాయలును దొరకు కొట్టునకును దగ్గరగా నుండునని పైఁజెప్పిన వరుసలలో నొక చిన్నయింటికి మాఱినది. ఆమెకు కారు నడుపుట రాదు. కూతురు, అనగా మా వదిన, పక్క పేటలో కాపురముండి, దినదినమును తన కారులో వచ్చి తల్లిని ఆసుపత్రికో, గుడికో, ఫిజియోథెరపీకో తీసికొనిపోవుచుండును.

రెండు మోకాళ్లును అరిగి, తుంటియెముక విఱిగి అతుకుకొన్న స్త్రీ కారు దిగుట యెట్లుండునో, దగ్గరనుండి చూడనివారికి తెలియదు. తలుపు సగము తెఱచిన చాలదు, బార్లగా తెఱవవలయును. కూర్చున్నది కూర్చున్నట్లే పక్కకు తిరిగి, మొదట ఒక పాదమును, పిమ్మట చేతితో పట్టి రెండవ పాదమును బయటికి దింపవలయును. వెనుక డిక్కీలోనుండి నడకబండి తెచ్చి, విప్పి, నేల యెత్తుపల్లములు చూచి ఆమె యెదుట నిలుపవలయును. ఒకచేత తలుపంచును, ఒకచేత నడకబండి పిడిని పట్టుకొని "రామ రామ" యని లేచి, తల తిరుగుట ఆగువఱకు అట్లే నిలువవలయును. అప్పుడు గదా మొదటి అడుగు! ఇంతసేపును కారు నడివీథిలో నిలిచియున్నయెడల వెనుకనున్న వ్యాను దీపములు వెలుగుచు ఆఱుచునుండును. "అమ్మా, కాస్త తొందరగా దిగవే, వెనక బండి ఆగిపోయింది" అని వదిన గొంతు తగ్గించి చెప్పును. "ఆగితే ఆగనీవే, వాడికీ ఓ అమ్మ ఉంటుందిగా" అని అత్తయ్య నెమ్మదిగా రెండవకాలు దింపుకొనును. ఆ మాట నిబ్బరముగా అనినను, ఇట్లు పదిమందిని ఆపుట ఆమెకు లోలోపల నామోషీ. సందు మలుపున బండి నిలిపినచో, దీపస్తంభము దీపస్తంభమునకును ఆగి, చినుకులలో తడిసి రావలయును. అందుచేత మొదట శనివారపు గుడి మానినది. పిమ్మట కూరల కొట్టు మానినది. తుదకు ఆసుపత్రి తప్ప తక్కిన ప్రయాణములన్నియు మానివేసినది. వయస్సు మనిషిని ఇంటిలో కూర్చుండబెట్టినదని లోకము అనుకొనును. మా అత్తయ్యను కూర్చుండబెట్టినది వాకిటి ముందు చోటు లేకపోవుటయే.

అవిటికాళ్లవారి బండికి వీథిలో వేఱుగా ఒక మన్నన ఉండవలెనను తలంపును ఆ దేశమంతటికిని చట్టముగా తెచ్చినవాడు, మాంచెస్టరు నగరములోని వైథెన్‌షా నియోజకవర్గమునుండి ఎన్నికైన ఆల్‌ఫ్ మారిస్ అను లేబరు పక్షపు సభ్యుడు. మొదటి ప్రపంచయుద్ధమున దెబ్బతిని వికలాంగుడైన తండ్రిని చూచి పెరిగినవాడగుటచేత కాబోలు, మంత్రి కాని సాధారణ సభ్యులకు చీటీలు వేసి బిల్లు ప్రవేశపెట్టు వంతు ఇచ్చు పద్ధతిలో తన చీటీ వచ్చినప్పుడు, అతడు దీర్ఘరోగులకును వికలాంగులకును సంబంధించిన బిల్లును చేపట్టెను. పార్లమెంటు ఎన్నికలకై రద్దగు సమయము ముంచుకొనివచ్చుచుండగా 1970 మే 29న దానికి రాజామోదము లభించెను. 1974లో అతడే వికలాంగుల వ్యవహారములకు మంత్రి యయ్యెను. అట్టి మంత్రిపదవి ప్రపంచములో అదియే మొదటిదని చెప్పుదురు. ఆ చట్టపు 21వ విభాగమే 1971లో నారింజరంగు బ్యాడ్జికి, 2000వ సంవత్సరమునుండి దాని స్థానమును పుచ్చుకొన్న నీలిరంగు బ్యాడ్జికి ఆధారము.

ఈ బ్లూ బ్యాడ్జిలోని సుగుణము, నా దృష్టిలో అది బండికి గాక మనిషికి చెందియుండుటయే. దానిని పొందిన వృద్ధురాలు కూతురి కారులో పోయినను, మనుమని కారులో పోయినను, అద్దెకారులో పోయినను, ఆమె యున్నంతసేపును ఆ బండికి ఆ మన్నన వర్తించును. ఆమె లేనప్పుడు కన్నకొడుకైనను దానిని వాడరాదు, వాడి దొరకినచో వేయి పౌండ్లవఱకు జుల్మానా గలదు. ఇంగ్లండులో దీనికి పది పౌండ్లకు మించి రుసుము పుచ్చుకొనరాదు. వేల్సులో అదియు లేదు. సాధారణముగా మూడేండ్లు చెల్లును. సామాను దింపుటకైనను బండి ఆపరాదను నిషేధము లేనిచోట, పసుపుగీతల పక్కను సయితము ఇంగ్లండులోను వేల్సులోను మూడు గంటలు నిలుపుకొనవచ్చును. వచ్చిన వేళను తెలుపుటకు అట్టగడియారమొకటి బ్యాడ్జితోపాటు అద్దము వెనుక పెట్టవలయును. కంటికి కనబడని వైకల్యము గలవారికిని, అనగా చిత్తభ్రమణమువలన వీథిలో నడచుటయే ప్రమాదమైన వృద్ధుల వంటివారికిని, 2019 ఆగస్టు 30నుండి ఇంగ్లండులో ఈ అర్హత విస్తరింపబడినది. ఇంత వివేకముతో కూర్చిన ఏర్పాటు మఱియొక దేశమున నున్నదో లేదో గాని, ఉన్నయెడల సంతోషమే.

అయితే బ్యాడ్జి వేఱు, గుమ్మము ముందు తెల్లగీతలతో గీచిన చోటు వేఱు. బ్యాడ్జికి పార్లమెంటు చట్టము గలదు. ఇంటిముందరి చోటును గీయవలయునా వలదా యనుట స్థానిక కౌన్సిలువారి విచక్షణ. ఒక్కొక్క కౌన్సిలునకు ఒక్కొక్క నిబంధనావళి. పెక్కింటిలో సామాన్యముగా కనబడు షరతులివి: బ్యాడ్జి ఉండవలయును, ఇంటికి సొంతముగా బండి నిలుపుకొను స్థలము ఉండరాదు, నడకకు సంబంధించిన ప్రభుత్వ భృతిలో పైతరగతి పొందుచుండవలయును, కారు ఆ చిరునామాకే రిజిస్టరై యుండవలయును, దానిని నడుపువాడు ఆ యింటనే కాపురముండవలయును. మొదటి రెండింటిని గూర్చి ఎవ్వరికిని తగవు లేదు. తక్కిన వానిలోనే వృద్ధులకు గోతులున్నవి.

భృతి సంగతి చూడుడు. పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంటు అను భృతిలో నడకకై ప్రత్యేక భాగము గలదు. కాని పింఛను వయస్సు దాటినవారు దానికి క్రొత్తగా దరఖాస్తు చేయుటకు వీలులేదు. ఆ వయస్సు దాటిన పిమ్మట అవిటితనము వచ్చినవారికి అటెండెన్స్ అలవెన్సు అను మఱియొక భృతి గలదు. అందులో నడకకు సంబంధించిన భాగమే లేదు. కాబట్టి అఱువది యేండ్లకు కాలుపోయి ఆ భృతికి ఎక్కినవాని చేతిలో కౌన్సిలు అడుగు కాగితముండును. ఎనుబది యేండ్లకు కాలుపోయినవాని చేతిలో ఉండదు. ముసలితనమున కాళ్లుపోవుట సహజమే గదా యని తలచి ఇట్లు చేసిరో, ఖర్చు తగ్గుననియే చేసిరో గాని, ఏ వయస్సువారికి గడప ముందు చోటు అన్నిటికంటె అవసరమో ఆ వయస్సువారే నిబంధన వెలుపల నిలిచిపోవుచున్నారు. కొన్ని కౌన్సిళ్లు అటెండెన్స్ అలవెన్సును గూడ ఒప్పుకొనుచున్నవి, ఒప్పుకొననివియు గలవు.

ఇక కారు చిరునామా. మా అత్తయ్య దరఖాస్తునకు వచ్చిన ప్రత్యుత్తరము మర్యాదగానే యున్నది. ఆ మర్యాదయంతటి సారము, ఈ చిరునామాకు రిజిస్టరైన వాహనము లేదు గనుక మీ కోరికను మన్నింపజాలము అనుట. వదిన దానిని తెలుగులో చదివి వినిపించగా అత్తయ్య కళ్లజోడు తీసి తుడుచుకొనుచు నావంక చూచి, "కారు లేదని రాసినవాళ్లకి, కాళ్లు లేవన్న సంగతి నువ్వు రాయలేదుట్రా?" అన్నది. వ్రాసితిమి, డాక్టరు ఉత్తరమును జతపఱచితిమి. బ్యాడ్జి మనిషివెంట నడచుచుండగా చోటు మాత్రము కారు రిజిస్టరైన ఇంటివెంట నడచుట యేమి న్యాయమని యడుగుటకు ఆ పత్రములో గడి లేదు. పిల్లలు వేఱుకాపురముండి, దినమున కొకసారి వచ్చి తల్లిదండ్రుల మంచిచెడ్డలు చూచుకొనుట అన్నిజాతులవారిలోను మామూలైపోయిన యీ కాలమున, ఒకే చిరునామాకు కారును, చోదకుని, రోగిని కట్టివేయు నిబంధన పాతకాలపు కుటుంబమును మనసులో పెట్టుకొని వ్రాసినదని నా నిశ్చితాభిప్రాయము.

అట్టి తిరస్కారముతో ఊరకుండవలసిన పనిలేదు. 2010వ సంవత్సరపు సమానత్వ చట్టము, వికలాంగులమీదను వృద్ధులమీదను తమ నిర్ణయముల ప్రభావము ఎట్టిదో ఆలోచించు బాధ్యతను కౌన్సిళ్లపై నుంచినది. కాగితముమీది నిబంధనను కన్నుమూసికొని వర్తింపజేసితిమని చెప్పుట అచ్చట చక్కని సమాధానము కాజాలదు. ముందు కౌన్సిలునకే ఫిర్యాదు వ్రాయవలయును. అచ్చట తేలనిచో ఇంగ్లండులో స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు ఉచితముగా విన్నవించుకొనవచ్చును. ఆ వార్డు కౌన్సిలరును కలియుటయు వ్యర్థము కాదు. ఓటర్ల వీథులు వారికి బాగుగా తెలియును. మా వదిన మాత్రము వాదముకంటె ఋజువును నమ్మినది. తల్లిని ఎప్పుడెప్పుడు ఎచ్చటికి తీసికొనిపోయినదో, బండి ఎంత దూరమున నిలుపవలసివచ్చినదో కొన్నివారములపాటు ఒక నోటుపుస్తకములో వ్రాసి, ఆమె ఎన్ని గజములకు ఆగవలసివచ్చునో తెలుపు ఫిజియోథెరపిస్టు లేఖను దానికి చేర్చి మరల పంపెను. ఈసారి కొలతగాడు వచ్చి వీథి చూచి పోయెను. చలికాలము గడచిన పిమ్మట తెల్లరంగు డబ్బాతో మనుష్యులు వచ్చి 6.6 మీటర్ల పొడవున చోటు గీచి, అందులో అక్షరములు వ్రాసి పోయిరి.

గీత పడినంతమాత్రమున కథ తీఱలేదు. ఇట్టి చోట్లు రెండు విధములు. ఒకటి మర్యాదపూర్వకమైనది: కౌన్సిలు గీత గీయును, ఇరుగుపొరుగు గౌరవింతురని ఆశించును, గౌరవింపనివానిని ఏమియు చేయలేదు. రెండవది ఉత్తర్వుతో కూడినది: 1984వ సంవత్సరపు రోడ్డు రవాణా నియంత్రణ చట్టము క్రింద ముసాయిదా ప్రకటించి, స్థానిక పత్రికలో అచ్చువేసి, అభ్యంతరములకు కనీసము 21 దినముల గడువిచ్చి, పిమ్మట ముద్రవేయునది. దీనిని ఉల్లంఘించువానికి జుల్మానా తప్పదు. కాని నెలలు పట్టును, డబ్బు ఖర్చగును. స్కాట్లండువారు ఈ సందిగ్ధమును సహింపక, జాకీ బెయిలీ అను సభ్యురాలు ప్రవేశపెట్టిన బిల్లును 2009లో చట్టముచేసి, మర్యాద గీతలను ఉత్తర్వు గీతలుగా మార్చుటకు పూనుకొనవలసిన బాధ్యతను స్థానిక ప్రభుత్వములమీద పెట్టిరి. ఈ విషయమున స్కాట్లండును చూచి ఇంగ్లండు నేర్చుకొనవలసియున్నది.

మఱియొక సంగతి తెలియక కలహించువారు పెక్కుమంది గలరు. తన కోరికమీద, తన గుమ్మము ముందే గీచినదైనను ఆ చోటు తన సొంతము కాదు. బ్లూ బ్యాడ్జి గల యే అపరిచితుడైనను వచ్చి నిలుపుకొనవచ్చును. ఈ నియమము మొదట కఠినముగా తోచినను సరియైనదే. వీథిలో ఒక ముక్కను ఒక కుటుంబమునకు వ్రాసియిచ్చుట ఎవ్వరికిని చెల్లదు. అందుచేత ఇరుగుపొరుగువారి మనస్సే తుది ఆధారము. మా అత్తయ్య యింటి ఎదుటనున్న కుఱ్ఱవాడొకడు, గీత పడకముందు అచ్చట తన వ్యాను నిలుపుచుండినవాడు, మొదటివారము ముఖము ముడుచుకొని తిరిగెను. ఒకనాడు ఆమె కారు దిగుట కిటికీలోనుండి చూచినాడు కాబోలు, మఱునాటినుండి ఎవడైన క్రొత్తవాడు అచ్చట బండి పెట్టబోయినచో వాడే బయటికి వచ్చి చెప్పి పంపుచున్నాడు. అత్తయ్య వానికి ఉగాదికి బొబ్బట్లు పంపెను.

ఇక మన యూళ్ల మాట. హైదరాబాదులో విద్యానగరమునందో, విజయవాడలో సత్యనారాయణపురమునందో ఒక సందులో నడచిచూచినచో, గేటుగేటునకును "ఇచ్చట వాహనములు నిలుపరాదు, నిలిపినచో గాలి తీయబడును" అను శాసనము కనబడును. శాసనకర్త గృహస్థుడే, దండనాధికారియు గృహస్థుడే. బోర్డు చాలదనుకొన్నవారు పూలకుండీలు, బండరాళ్లు, ఇనుపగొలుసులు, పనికిరాని స్కూటరు మున్నగువానిని వీథిలో నుంచి ఆ చోటును ఆక్రమించుకొందురు. బలముగలవాడు ఇట్లు నాలుగు గజములు కాజేయుచుండగా, పక్షవాతము వచ్చిన పక్కయింటి తాతగారి ఆటో గుమ్మమునకు రాలేక సందు మొదట ఆగును. ఆటోవాడు మాత్రము చాలమాఱులు మంచివాడు. "పెద్దాయనా, నా భుజం పట్టుకోండి" అని చేయి అందించును. ఈ చేయి మన దేశమున పెక్కు లోపములను కప్పుచున్నది. కప్పుచున్నందువలననే కాబోలు, వానిని గూర్చి అడుగువారు లేరు.

చట్టము లేదందుమా, ఉన్నది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19నుండి అమలులోనికి వచ్చినది. బస్సు నిలుపుచోట్లను, రైలు స్టేషనులను, విమానాశ్రయములను గూర్చి చెప్పుచు పార్కింగు ప్రస్తావన చేసినది. కేంద్రప్రభుత్వపు 2016 మార్గదర్శకములు, ప్రవేశద్వారమునకు 30 మీటర్ల లోపల, 3.6 మీటర్ల వెడల్పు గల చోట్లు కనీసము రెండు ఉండవలెనని కొలచి చెప్పినవి. ఆ వెడల్పు ఏలయన, తలుపు బార్లగా తెఱచి చక్రముల కుర్చీ పక్కకు తెచ్చుకొనుటకు అంత చోటు కావలయును. అయితే రాజీవ్ రాటూరీ అను చూపులేని పౌరుడు 2005లో వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పుచు, ఇట్టి ప్రమాణములను తప్పనిసరి చేయక సలహాలుగా వదలివేసిన 15వ నియమము మాతృచట్టమునకే విరుద్ధమని తేల్చి, తప్పనిసరి నియమములు వేఱుగా చేయుడని మూడు నెలల గడువిచ్చినది. ఆ తీర్పునకు ఆధారముగా క్షేత్రస్థితిని పరిశీలించి నివేదిక సమర్పించినది మన హైదరాబాదులోని నల్సారు న్యాయవిశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రమే. ఇంత జరిగినను, ఈ కొలతలన్నియు కార్యాలయములకు, దుకాణములకు, స్టేషనులకు చెందినవి. వీథిలో ఒక వృద్ధుని గడప ముందు చోటు గీచి యిండని యడుగుటకు మన పురపాలక సంఘములలో దరఖాస్తు పత్రమే లేదు. సదరం శిబిరమునకు పోయి, వరుసలో కూర్చుండి, నలుబది శాతమునకు పైబడిన వైకల్యమని ధ్రువపత్రము తెచ్చుకొన్న పెద్దమనిషికి పింఛను రావచ్చును, రైలు రాయితీ రావచ్చును; గేటు ముందునుండి పరుని బండి తీయించు శక్తి మాత్రము రాదు.

పురపాలక సంఘములు కదలువఱకు కాచుకొననక్కఱలేని తావొకటి గలదు. అది మన అపార్టుమెంటు. స్తంభములమీద లేపిన భవనపు క్రిందిభాగమున లిఫ్టు ప్రక్కనున్న చోటు సామాన్యముగా మొదట కొన్నవానిదో, అందఱికంటె గట్టిగా మాటాడువానిదో అయియుండును. మూడవ అంతస్తులోని డెబ్బదియెనిమిదేండ్ల మామ్మగారి కుమారుని కారు రెండు స్తంభముల నడుమ ఇఱుకుకొని, ఆమె వైపు తలుపు జానెడైనను తెఱచుకొనకుండును. మహారాష్ట్ర చట్టము క్రింద వచ్చిన నహల్‌చంద్ లాలూచంద్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2010లోనే, స్తంభముల క్రిందనున్న పార్కింగు ఉమ్మడి స్థలమనియు, బిల్డరు దానిని విడిగా అమ్ముకొనరాదనియు తీర్పుచెప్పినది. 2016వ సంవత్సరపు రెరా చట్టము పైకప్పులేని పార్కింగును ఉమ్మడి స్థలములలో చేర్చినది. దస్తావేజులో ఫలానా నంబరు చోటని వ్రాయించుకొన్నవారు ఉందురు. వారిని బలవంతపెట్టవలసిన పనిలేదు. చోటునకు చోటు మార్చుకొందుమని మంచిమాటగా అడిగినచో, ముసలితల్లి గలవాడెవడును కాదనడు. పాఠకులారా, మీ సంఘపు వచ్చే సర్వసభ్య సమావేశములో నీటి ట్యాంకరు లెక్కలు ముగిసిన పిమ్మట ఈ యొక్క తీర్మానము ప్రతిపాదింపుడు: లిఫ్టునకు దగ్గరగా, స్తంభము అడ్డములేని చోటొకటి ఆ భవనములో నడువలేని వారి బండికి ప్రత్యేకింపవలయును, అట్టి బండి లేనివేళ, నడువలేని అతిథి బండికి ఇయ్యవలయును. దీనికి కావలసిన ఖర్చు ఒక డబ్బా తెల్లరంగు.